డిండి గట్టు మీద బస్సు, బస్సు మీద డిష్: స్ట్రెంత్ 82, క్వాలిటీ సున్నా

గట్టుమీదబస్సు · జనవరి 11, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. పాత మినీ బస్సు ఒకటి కొని, సీట్లు పీకించి, రెండు మంచాలు, పొయ్యి, నీళ్ళ ట్యాంకు పెట్టించుకున్నాం. సంక్రాంతి వారమంతా కోనసీమ తిరిగి, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభలు చూద్దామని బయల్దేరాం. నేను, మా ఆవిడ, నాన్నగారు. ఇప్పుడు డిండిలో వశిష్ఠ గట్టు దగ్గర తెలిసినవాళ్ళ కొబ్బరితోట పక్కన ఆపాం.

బస్సు పైన ఇనప ర్యాక్‌కి 60 సెంటీమీటర్ల డిష్ బిగించాను. బాక్సు డీడీ ఫ్రీ డిష్‌ది. మొన్న రావులపాలెంలో సిమెంటు నేల మీద ఆపినప్పుడు గంట తిప్పలు పడితే దొరికింది. ఇక్కడ రెండు రోజుల నుంచీ స్ట్రెంత్ 82 చూపిస్తోంది, క్వాలిటీ మాత్రం సున్నా. సూది మీటరు ఒకటి కొన్నాను. అది కూడా కీచుమని అరుస్తుంది, సూది చివరిదాకా పోతుంది, టీవీలో మాత్రం ఏమీ రాదు.

నాన్నగారికి సప్తగిరిలో వార్తలు చూడకపోతే అన్నం సయించదు. ఫోన్‌లో చూపిస్తే "అరచేతిలో వార్తలేంట్రా" అంటున్నారు. ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు కొమ్మకి ఉండే, సిగ్నల్ పట్టుకునే ముక్క) పోయిందంటారా? కొత్తది కొనాలా?

పాలకొల్లు కుర్రాడు · జనవరి 11, రాత్రి 9:55

ఎల్‌ఎన్‌బీ మార్చేయ్ అన్నా. మాకూ ఇలాగే అయింది, మార్చగానే వచ్చేసింది.

మండపేట డిష్‌వాలా · జనవరి 11, రాత్రి 10:10

ఆగండాగండి, అప్పుడే డబ్బులు పెట్టకండి. ఇరవై ఏళ్ళుగా డిష్‌లు బిగిస్తున్నాను, నూటికి తొంభై సార్లు ఎల్‌ఎన్‌బీని అనవసరంగా మారుస్తారు.

స్ట్రెంత్ చూసి మురిసిపోవద్దు. ఎల్‌ఎన్‌బీకి కరెంటు అందితే చాలు, కొన్ని బాక్సులు డిష్‌ని గోడకేసి తిప్పినా డెబ్బై ఎనభై చూపిస్తాయి. అది ఎల్‌ఎన్‌బీ సొంత రొద. మనకి కావాల్సింది క్వాలిటీ ఒక్కటే. మీ 82కి అర్థమల్లా కేబులు తెగలేదని, ఎల్‌ఎన్‌బీ చావలేదని. అదీ మంచి కబురే.

ఇవి చెప్పండి:
బాక్సులో ఏ శాటిలైట్ పెట్టారు? ఎల్‌ఎన్‌బీ ఫ్రీక్వెన్సీ ఎంత ఉంది?
డిష్ ఏ దిక్కుకి చూస్తోంది? కొబ్బరిచెట్టు ఎంత దూరం?
బస్సు ఆపిన నేల సమంగా ఉందా?

గట్టుమీదబస్సు · జనవరి 11, రాత్రి 10:31

జీశాట్-15, 9750/10600. ట్రాన్స్‌పాండర్ (ఉపగ్రహంలో చానెళ్ళు పంపే భాగం) 11090, వర్టికల్, 29500. ఇవి రావులపాలెంలో పనిచేసినవే, ముట్టుకోలేదు. దిక్కు ఆగ్నేయం, ఫోన్ దిక్సూచిలో 144 పెట్టాను. ఎలివేషన్, అదే డిష్ పైకి చూసే కోణం, రావులపాలెంలో ఎక్కడ బిగించానో అక్కడే ఉంది. చెట్లు ఉన్నాయండి, కోనసీమ కదా. నేల సంగతి గమనించలేదు.

ఏటిగట్టు మాస్టారు · జనవరి 12, ఉదయం 6:05

బాబూ, రిటైరైన ఫిజిక్సు మాస్టారిని. తెల్లారకుండా లేచే అలవాటు, అందుకని కాస్త పెద్ద ఉత్తరం రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

దిక్సూచిని ఎక్కడ పట్టుకుని చూశావు? బస్సు పైన అయితే ఆ 144ని నమ్మకు. కింద అంతా ఇనుము. ఇరవై ముప్ఫై డిగ్రీలు తప్పు చూపించినా ఆశ్చర్యం లేదు. బస్సుకి పది అడుగులు దూరంగా వెళ్ళి చూడాలి.

డిండి దగ్గర లెక్క ఇలా ఉంటుంది. జీశాట్-15 తూర్పు రేఖాంశం 93.5 డిగ్రీల మీద, భూమధ్యరేఖకి సరిగ్గా పైన ఉంది. మనం సుమారు 16.4 ఉత్తరం, 81.8 తూర్పు. ఆ లెక్కన ఉత్తరం నుంచి కుడిచేతి వైపుగా కొలిస్తే 144 డిగ్రీలు, నేల నుంచి 66 డిగ్రీలకి కాస్త పైన. అంటే దాదాపు నెత్తికెక్కి కూర్చున్నట్టే. కాకినాడ నుంచి నరసాపురం దాకా ఎక్కడ నిలబడ్డా ఆ ఎత్తు అర డిగ్రీ కూడా మారదు. కాబట్టి రావులపాలెంలో బిగించిన ఎలివేషన్ డిండిలోనూ పనికొస్తుంది, ఒక్క షరతు మీద: డిష్ నిలబడ్డ గొట్టం నిటారుగా ఉండాలి.

అసలు చిక్కు అక్కడే ఉందని నా అనుమానం. అరవై సెంటీమీటర్ల డిష్ చూపు వెడల్పు ఈ ఫ్రీక్వెన్సీలో సుమారు 3 డిగ్రీలు. మధ్య నుంచి ఏ పక్కకైనా ఒకటిన్నర డిగ్రీ తప్పితే సిగ్నల్ సగానికి పడిపోతుంది. మన గట్టు రోడ్లు ఎలా ఉంటాయో నీకు చెప్పాలా? మధ్య ఎత్తు, రెండు పక్కలా వాలు. బస్సు రెండు చక్రాలు రోడ్డు మీద, రెండు మార్జిన్‌లో ఉంటే మూడు నాలుగు డిగ్రీలు ఒరగడం చాలా మామూలు. బస్సుతో పాటే గొట్టం, గొట్టంతో పాటే డిష్.

ఇంకో తమాషా చూడు. ఉపగ్రహం ఇంత ఎత్తులో ఉన్నప్పుడు డిష్‌ని అడ్డంగా ఒక డిగ్రీ తిప్పితే ఆకాశంలో చూపు కదిలేది 0.4 డిగ్రీలే. నిలువులో ఒక డిగ్రీ అంటే మాత్రం అచ్చంగా ఒక డిగ్రీ. అందరూ అడ్డంగా తిప్పుతూ గంటలు గడుపుతారు. తప్పు నిలువులో ఉంటుంది.

మండపేట డిష్‌వాలా · జనవరి 12, ఉదయం 7:20

మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. నేనింకొకటి కలుపుతాను. సూది మీటరు అరుస్తోందన్నారే, అది ఏ ఉపగ్రహాన్ని చూసినా అరుస్తుంది. దానికి పేర్లు తెలియవు. 93.5కి ఒక పక్క 91.5లో మీశాట్, ఇంకో పక్క 95లో డిష్ టీవీ వాడే ఎస్‌ఈఎస్-8. మధ్యలో ఉన్న సందు ఒక పక్క రెండు డిగ్రీలు, ఇంకో పక్క ఒకటిన్నరే. మీ డిష్ పక్కింటికి చూస్తోందనుకుంటున్నా. పక్కింటి ఉపగ్రహం మీద నిలబడితే సూది నిండుగా ఉంటుంది, మీ బాక్సు వెతికే ట్రాన్స్‌పాండరు అక్కడ ఉండదు, క్వాలిటీ సున్నా. ఎల్‌ఎన్‌బీ మార్చినా అంతే ఉండేది.

పాలకొల్లు కుర్రాడు · జనవరి 12, ఉదయం 7:48

సరే సరే, నా సలహా వాపసు 🙂 కానీ మా ఇంట్లో టాటా ప్లే డిష్ ఎప్పుడూ ఇంత గొడవ పెట్టలేదు. తిన్నగా దక్షిణానికి పెడితే ఠపీమని వచ్చేసింది.

ఏటిగట్టు మాస్టారు · జనవరి 12, ఉదయం 8:02

టాటా ప్లే ఉపగ్రహం 83 డిగ్రీల మీద ఉంటుంది నాయనా. మన రేఖాంశానికి దాదాపు ఎదురుగా. అందుకే పాలకొల్లులో దక్షిణానికి పెడితే దొరికింది. అదే ఎయిర్‌టెల్‌ది 108.2. దానికి డిష్ బాగా తూర్పుకి తిరగాలి, ఎత్తు కూడా 54 డిగ్రీలకి దిగుతుంది. పక్కింటి డిష్ చూసి మన డిష్ తిప్పేవాళ్ళందరూ ఈ తేడా తెలియకే తంటాలు పడతారు.

కొబ్బరాకు · జనవరి 12, ఉదయం 8:30

తమ్ముడూ, మీ లెక్కల సంగతి నాకు తెలీదు గానీ చెట్ల సంగతి నేను చెప్తా. మాది రాజోలు, ఇంటిచుట్టూ తోటే. మా డాబా మీద డిష్‌కి పగలు బొమ్మ వచ్చేది, సాయంత్రం ఏటిగాలి లేవగానే ముక్కలు ముక్కలయ్యేది. చూస్తే, ఒక కొబ్బరాకు గాలికి ఊగి డిష్ ముందుకొచ్చి పోతోంది. ఆకు కొట్టించాక మళ్ళీ గొడవ లేదు. మీరు బస్సు ఆపింది చెట్టుకి ఏ పక్కన?

గట్టుమీదబస్సు · జనవరి 12, ఉదయం 8:44

అక్కా, ఆగ్నేయం వైపు ఒక చెట్టు ఉంది, బస్సుకి ఓ ఇరవై అడుగుల దూరంలో. ఎత్తు అరవై అడుగులు ఉంటుందేమో. అయిపోయినట్టేనా?

ఏటిగట్టు మాస్టారు · జనవరి 12, ఉదయం 8:51

డిష్ కంటే చెట్టు ఎంత ఎత్తుందో అందులో సగం దూరం వదిలితే 66 డిగ్రీల చూపు దాని మీదుగా దాటిపోతుంది. బస్సు పది అడుగులు అనుకుంటే మిగిలింది యాభై, సగం పాతిక. నువ్వు ఇరవైలో ఉన్నావు. వాయవ్యం వైపు ఇంకో పదడుగులు వెనక్కి తియ్యి, చాలు. ఉపగ్రహం ఎత్తులో ఉండటం వల్ల మనకి ఒరిగే లాభం ఇదే. ఢిల్లీలో అయితే ఇంకా దూరం పోవాలి.

చూపు ఎటు పోతుందో కంటితో చూసుకోవాలంటే, ఇవాళ ఉదయం 10:20, 10:25 మధ్య నేల మీద ఒక కర్ర నిటారుగా పాతు. దాని నీడ ఎటు పడుతుందో దానికి సరిగ్గా ఎదురు దిక్కే 144. ఈ సంక్రాంతి రోజుల్లో ఆ వేళకి సూర్యుడు ఆ దిక్కున ఉంటాడు. ఇనుముతో పేచీ లేదు, దిక్సూచి అక్కర్లేదు. ఉపగ్రహం మాత్రం సూర్యుడికంటే బాగా పైన, చెయ్యి చాచి చూస్తే రెండు పిడికిళ్ళ మీద కాస్త. సూర్యుడి కేసి మాత్రం తేరిపార చూడకు.

మార్చి రెండో వారంలో అయితే పొద్దున పదకొండుంపావు ప్రాంతంలో సూర్యుడు అచ్చంగా ఆ ఉపగ్రహం వెనకాలే వచ్చి నిలబడతాడు. ఆ కొన్ని రోజులు ఆ వేళకి కాసేపు బొమ్మ పోతుంది కూడా. మా ఊళ్ళో అప్పుడు ప్రతిసారీ ఎవరో ఒకరు డిష్ విప్పేస్తారు.

మండపేట డిష్‌వాలా · జనవరి 12, ఉదయం 9:05

నీడ ఉపాయం బాగుంది మాస్టారూ, ఇన్నేళ్ళలో నాకు తట్టలేదు.

బస్సుగారూ, ఇప్పుడు చెయ్యాల్సింది. డిష్‌ని బస్సు పైనుంచి దించండి. బస్సు స్ప్రింగుల మీద ఉంటుంది, లోపల ఎవరు అటూ ఇటూ నడిచినా పైన డిష్ ఊగుతుంది. మూడు కాళ్ళ స్టాండు ఉంటే సరే, లేదంటే రెండించీల గొట్టం ఒకటి నేలలో మూడడుగులు దిగేసి పాతండి. ఏటి ఒడ్డు మట్టి మెత్తన, కాబట్టి చుట్టూ ఇటుక ముక్కలు దట్టించండి. గొట్టానికి తాపీమేస్త్రి రసమట్టం పెట్టి రెండు పక్కల నుంచీ చూడండి. గొట్టం నిటారు అయ్యాకే డిష్ తొడగండి. ఈ ఒక్క పని సరిగ్గా చేస్తే మిగతాది పావుగంట.

బ్రాకెట్ మీద గీతల్లో 66 పెట్టి బిగించండి. ఫోన్‌తో చూసుకోవాలంటే, ఫోన్‌ని డిష్ ముఖానికి పై అంచు నుంచి కింది అంచుకి ఆనేలా పట్టుకోండి. నేల నుంచి 48 దగ్గర చూపించాలి. డిష్ ముఖం చూసేది ఒకటి, సిగ్నల్ వచ్చే దారి ఒకటి. ఈ ఆఫ్‌సెట్ డిష్‌లలో 24 డిగ్రీల తేడా ఉంటుంది, మోడల్‌ని బట్టి ఒకటి రెండు అటూ ఇటూ.

ఎల్‌ఎన్‌బీని కూడా మెలి తిప్పాలి, చాలామంది మర్చిపోయేది ఇదే. డిష్ వెనక నిలబడి ఆకాశం కేసి చూస్తున్నట్టు నిలబడి, గడియారం ముల్లుకి ఎదురుగా 35 డిగ్రీలు. ముందు నిలబడితే ముల్లు తిరిగే వైపే.

తర్వాత అడ్డంగా, వేలెడు వేలెడు చొప్పున తిప్పుతూ ప్రతిచోటా మూడు సెకన్లు ఆగండి. బాక్సుకి పట్టుకోడానికి అంత సమయం కావాలి. చకచకా తిప్పేస్తే దొరికిన చోటు కూడా దాటిపోతారు.

గట్టుమీదబస్సు · జనవరి 12, మధ్యాహ్నం 1:15

క్వాలిటీ 61!!!

రసమట్టం తోటలో కొత్త గది కడుతున్న మేస్త్రి గారి దగ్గర అడిగి తెచ్చాను. ముందు బస్సు నేల మీద పెట్టి చూశా. మాస్టారూ, ఏటివైపు ఫోన్‌లో సరిగ్గా మూడున్నర డిగ్రీలు ఒరిగి ఉంది. రాత్రి మా ఆవిడ "మంచం మీంచి జారిపోతున్నా" అంటే నేనే నవ్వాను.

బస్సు వెనక్కి తీశాం, గొట్టం పాతాం, కర్ర నీడ చూసి పెట్టాం. దిక్సూచి బస్సు మీద 144 అన్నచోట నిజంగా ఉన్నది దాదాపు 125. దొరికినట్టే దొరికి పోతుంటే లోపలినుంచి నాన్నగారు "వచ్చింది... పోయింది... వచ్చింది" అని కేకలు. ఆ కేక నా దగ్గరికి చేరి నేను ఆగేసరికి దాటిపోయేది. చివరికి మా ఆవిడ ఫోన్‌లో వీడియో కాల్ పెట్టి కెమెరా టీవీకి ఆనించింది. ఐదు నిమిషాల్లో అయిపోయింది.

మండపేట డిష్‌వాలా · జనవరి 12, మధ్యాహ్నం 1:40

శభాష్. 61 దగ్గర ఆపకండి. నిలువు నట్లు కాస్త సడలించి వెంట్రుకవాసి పైకీ కిందికీ చూడండి, ఎల్‌ఎన్‌బీ మెలి కూడా. మబ్బు పడితే పదిహేను ఇరవై హరించిపోతాయి, ఆ మిగులు ఇప్పుడే సంపాదించుకోవాలి. పానాతో బిగించేటప్పుడు నట్లన్నీ కొంచెం కొంచెంగా, మార్చి మార్చి బిగించండి. ఒకటే లాగి బిగిస్తే డిష్ జరిగిపోతుంది.

గట్టుమీదబస్సు · జనవరి 12, రాత్రి 8:20

78కి వచ్చింది. కానీ ఇంకో చిక్కు. గంటకోసారి ఉన్నట్టుండి నీలం తెర, స్ట్రెంత్ కూడా సున్నా అయిపోతోంది. కిటికీ దగ్గర కేబులు కదిపితే మళ్ళీ వస్తోంది. వార్తల మధ్యలో పోయిందని నాన్నగారు నా కేసి చూసిన చూపు ఏ మీటరుకీ అందదు.

మండపేట డిష్‌వాలా · జనవరి 12, రాత్రి 8:33

స్ట్రెంత్ కూడా పోయిందంటే ఇప్పుడు గురి కాదు, కేబులే. కిటికీ దగ్గర జాయింటు ఉంది కదూ?

ముందు బాక్సు ప్లగ్గు తీసెయ్యండి, కేబుల్లో ఎల్‌ఎన్‌బీకి 13 నుంచి 18 వోల్టుల కరెంటు పోతూ ఉంటుంది. విప్పుతుంటే అల్లిక తీగ మధ్య రాగి తీగకి తగిలి షార్టయితే బాక్సుకి ప్రమాదం. జాయింటు విప్పి చూడండి, పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. అంగుళం కోసేసి కొత్త కనెక్టరు వెయ్యండి. జాయింటు లేకుండా ఒకే ఆర్‌జీ-6 కేబులు అయితే మరీ మంచిది. వాన నీళ్ళు కేబులు వెంట జారి లోపలికి రాకుండా కిటికీ బయట కిందికి ఒక వంపు వదలండి.

గట్టుమీదబస్సు · జనవరి 12, రాత్రి 9:10

పచ్చగా అంటే పచ్చగానే ఉంది, గోంగూర కాడలా. కోసి వేశాను. పావుగంటయింది, కదల్లేదు.

ఇంకో చిన్న సందేహం: ఇప్పుడు ఇన్వర్టరు పెట్టి, దాని మీద బాక్సు అడాప్టరు పెట్టి నడుపుతున్నా. బాక్సు 12 వోల్టులదే కదా, బ్యాటరీ నుంచి తిన్నగా ఇవ్వచ్చా?

పాలకొల్లు కుర్రాడు · జనవరి 12, రాత్రి 9:31

దీంట్లో మాత్రం నా మాట వినండి అన్నా, ఆటో ఎలక్ట్రికల్ పని నాది. ఇంజన్ ఆడుతుంటే బండి లైన్‌లో 14 దాటుతుంది, స్టార్టు చేసేటప్పుడు బాగా పడిపోతుంది. తిన్నగా ఇవ్వద్దు. 12 వోల్టులకి నిలబెట్టే చిన్న కన్వర్టరు దొరుకుతుంది, అడాప్టరు మీద రాసిన ఆంపియర్లకంటే ఎక్కువది తీసుకోండి. మధ్యలో ఫ్యూజు. ప్లస్, మైనస్ రెండుసార్లు చూసుకోండి.

సరంగు · జనవరి 13, ఉదయం 5:50

ఇదే డిండిలో హౌస్‌బోటు మీద పనిచేస్తానండి. మా బోటు పైన కూడా డిష్ పెట్టించారు. పొద్దున బాగుంటుంది, మధ్యాహ్నానికి పోతుంది, మళ్ళీ ఎప్పుడో వస్తుంది. బిగించినవాళ్ళు నాలుగుసార్లు వచ్చి ప్రతిసారీ డబ్బులు తీసుకెళ్ళారు. బోటు కట్టే ఉంటుంది, నడవదు. మరెందుకు?

ఏటిగట్టు మాస్టారు · జనవరి 13, ఉదయం 6:15

నడవకపోయినా తిరుగుతుంది కదయ్యా. అక్కడ వశిష్ఠకి పోటు, పాటు ఉన్నాయి. పోటుకి బోటు ముక్కు ఒక వైపు, పాటుకి ఇంకో వైపు లాగుతుంది, తాళ్ళు వదులున్నంత మేర. అడ్డంగా నాలుగు డిగ్రీలు తిరిగితే పోనీ తట్టుకుంటుంది. టూరిస్టులందరూ ఒకే పక్కకి వచ్చి ఫోటోలు దిగితే పడవ ఒరుగుతుంది చూడు, దాన్ని తట్టుకోలేదు. బిగించినవాళ్ళు వచ్చిన వేళకి నీళ్ళు ఎలా ఉన్నాయో అలా గురి పెట్టి వెళ్ళారు. వాళ్ళ పని తప్పు కాదు, చోటు తప్పు.

మండపేట డిష్‌వాలా · జనవరి 13, ఉదయం 7:00

సముద్రంలో ఓడలకి తనంతట తాను తిరిగి గురి పట్టే డిష్‌లు ఉంటాయి, వాటి ఖరీదు మనకి వద్దు. రేవు దగ్గర ఒడ్డున గొట్టం పాతి డిష్ అక్కడ పెట్టించండి. కేబులు మాత్రం బోటుకి వదులుగా, పోటుకి తెగకుండా. బోటు ఏట్లోకి వెళ్ళేటప్పుడు విప్పేసుకోవడమే.

సరంగు · జనవరి 13, ఉదయం 7:12

ఓనరు గారికి చూపిస్తానండి. ఏట్లో ఉన్నప్పుడు టీవీ ఎవరు చూస్తారులెండి, వచ్చినవాళ్ళు ఏరు చూడాలి గానీ.

గట్టుమీదబస్సు · జనవరి 16, రాత్రి 10:05

కనుమకి జగ్గన్నతోట వెళ్ళొచ్చాం. ప్రభలు చేలల్లోంచి, కాలవ దాటి వస్తుంటే నాన్నగారు టీవీ సంగతే ఎత్తలేదు. రాత్రికి మళ్ళీ అడిగారు. మండపేటలో మూడు కాళ్ళ స్టాండు కొన్నాను. ఎలివేషన్, ఎల్‌ఎన్‌బీ మెలి ముట్టుకోకుండా పెయింటుతో గీతలు పెట్టుకున్నా. రసమట్టం పెట్టి స్టాండు సమం చేసి, అడ్డంగా తిప్పితే పన్నెండు నిమిషాల్లో 74. రసమట్టం కూడా కొత్తది కొన్నానండోయ్, మేస్త్రి గారిది తిరిగి ఇచ్చేశాను.

రేపు అంతర్వేది. అక్కడ సముద్రపు గాలికి స్టాండు నిలుస్తుందా?

కొబ్బరాకు · జనవరి 16, రాత్రి 10:20

చెట్టు కింద మాత్రం ఆపకు తమ్ముడూ, ఆ గాలికి కాయ రాలితే డిష్ కాదు, బస్సు అద్దమే పోతుంది.

మండపేట డిష్‌వాలా · జనవరి 16, రాత్రి 10:41

స్టాండు మూడు కాళ్ళకీ ఇసుక బస్తా ఒక్కొక్కటి. అక్కడ ఇసుకకి కరువా. బస్సుకి గాలి మరుగు ఉన్న పక్కన పెట్టండి, కానీ ఆగ్నేయం మూసుకుపోకుండా. ఉప్పు గాలికి నట్లు పట్టేస్తాయి, గ్రీజు రాయండి. కనెక్టరు మీద టేపు చుట్టడం మర్చిపోకండి, లేదంటే మళ్ళీ గోంగూరే.